విశాఖపట్టణం: పేటలు, పాలెములు

చీపురుపల్లి స్టేషనులో రైలెక్కే మన విద్యార్థులలో పలువురు ఏదో ఒకనాడు విశాఖపట్టణంలో దిగి, అక్కడ కాపురముండవలసినవారే. పై చదువుకు కొందరు, ఉద్యోగానికి కొందరు, ఇంటివారి వైద్యానికి కొందరు ఆ నగరం చేరుతారు. అక్కడికి పోకముందే సముద్రతీరాన్ని గురించి, కైలాసగిరిని గురించి, ఋషికొండను గురించి అందరూ విని ఉంటారు. చూడబోయేవానికి ఆ మాత్రం చాలును. నివసించబోయేవానికి చాలదు. ఏ పేట ఎక్కడ ఎందుకు వెలసినదో, ఎవరు ఏ పనికి వచ్చి ఏ కొండవాలున నిలిచినారో, చల్లగాలి ఎవరి వాకిట వీచునో, ధూళి ఎవరి గుమ్మంలో పడునో తెలిసినప్పుడే ఆ నగరం మనకు అర్థమవుతుంది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో ఎం.ఏ. చదివిన కాలంలోను, ఆ తరువాత పనులమీద పోయివచ్చిన సందర్భాలలోను మేము ఆ వీధులలో విస్తారంగా తిరిగినాము. ఆ పరిచయాన్ని పురస్కరించుకొని విశాఖలోని పేటల పుట్టుపూర్వోత్తరాలను సంగ్రహంగా వివరించుటయే ఈ వ్యాసం యొక్క ఉద్దేశము.

రెండు ద్వారములు

మన ప్రాంతంనుండి విశాఖకు రెండు దారులున్నవి. బస్సులో జాతీయ రహదారి పట్టి పోయేవారు ఆనందపురం, మధురవాడ, హనుమంతవాక, మద్దిలపాలెం మీదుగా నగరంలో అడుగిడుతారు. ఈ దారిలో కనిపించేవి కొత్త విశాఖ కట్టడాలు: ఎత్తైన భవనాలు, కళాశాలలు, కంప్యూటరు కంపెనీల కార్యాలయాలు. రైలు ప్రయాణం వేరు. గరివిడి, నెల్లిమర్ల, విజయనగరం దాటిన రైలు కొత్తవలస, పెందుర్తి మీదుగా సింహాచలం కొండలను వెనుకనుండి చుట్టి వస్తుంది. ఈ దారిలో కనిపించేవి శ్రామికుల పేటలు, గూడ్సు బండ్లు, గిడ్డంగులు. స్టేషను చేరిన తరువాత చెన్నై దిక్కుగా సాగవలసిన బండికి ఇంజను రెండవ కొసకు మార్చవలసి వస్తుంది. కారణమేమనగా, ఆ స్టేషను ప్రధాన మార్గంనుండి పక్కకు చీలిన పాయ చివర ఉన్నది. 1987 వరకు దాని పేరు వాల్తేరు. ఒకే నగరానికి ఒక ద్వారం సంపదను, మరొక ద్వారం శ్రమను చూపుతున్నవి. విద్యార్థి రెండు ద్వారాలనూ ఎరిగి ఉండవలెను.

కొండలు, గెడ్డలు, రేవు

విశాఖ స్వరూపమంతా రెండు కొండల వరుసల మధ్య ఇమిడి ఉన్నది. ఉత్తరాన సింహాచలం, కైలాస పర్వతశ్రేణి. దక్షిణాన యారాడ కొండ. ఈ యారాడ కొండ తూర్పు కొస సముద్రంలోకి ముక్కువలె పొడుచుకొని ఉన్నందున ఆంగ్లేయ నావికులు దానిని డాల్ఫిన్ నోస్ అన్నారు. ఈ రెండు వరుసల నడుమ పల్లపు నేల గిన్నె ఆకారంలో ఉన్నది. మేఘాద్రిగెడ్డ వంటి వాగులు ఆ పల్లానికి దిగి, ఆటుపోట్లకు నిండుతూ తగ్గుతూ ఉండే ఉప్పు చిత్తడిలో కలిసేవి. ఆ చిత్తడినే తవ్వి లోతు చేసి ఓడరేవుగా మలచినారు. 1933 అక్టోబరులో జలదుర్గ అనే ఓడ మొట్టమొదట అందులో ప్రవేశించినది. అదే సంవత్సరం డిసెంబరు 19న వైస్రాయి విల్లింగ్డన్ రేవును లాంఛనంగా ప్రారంభించినారు. అంతకు పూర్వం ఓడలు సముద్రంలో దూరంగా లంగరు వేసి ఆగేవి. పలకలను తాళ్ళతో కుట్టిన పడవలలో సరుకును కెరటాలమీదుగా ఒడ్డుకు చేర్చేవారు.

ఈ రేవు కథలో మన సీమకు కూడ భాగమున్నది. గరివిడి, చీపురుపల్లి పరిసరాలలోని మాంగనీసు గనుల త్రవ్వకం 1890 దశాబ్దిలో మొదలైనది. భారతదేశంలో మాంగనీసు పరిశ్రమకు నాంది పలికిన ప్రాంతాలలో మనది అగ్రగణ్యము. పార్వతీపురం మీదుగా రాయపూరుకు పోయే రైలుమార్గం 1931లో పూర్తి అయిన తరువాత మధ్యరాష్ట్రాల సరుకుకు కూడ విశాఖయే దగ్గర రేవు అయినది. అనంతరం 1960 దశాబ్దిలో బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని జపానుకు పంపుటకై కొత్తవలస నుండి కిరండోలుకు కొండలను తొలిచి మరొక మార్గం వేసినారు. పెద్ద ఓడలకై 1976లో బయటి రేవు కూడ ఏర్పడినది. మనకు ఉల్లాసం కలిగించే సముద్రతీరపు వెనుక ఇంత ఖనిజభారం ఉన్నదన్న సంగతి మరువరాదు.

తీరాన్ని గురించి మరొక విశేషం చెప్పవలెను. తూర్పు తీరం వెంబడి కెరటాలు ఇసుకను మొత్తంమీద దక్షిణంనుండి ఉత్తరానికి తరలిస్తుంటవి. ఆ ఇసుక రేవుమార్గాన్ని పూడ్చకుండ అలల అడ్డుగోడలు అవసరమైనవి. మొదటి నిర్మాణంలో పాత ఓడలను రెండింటిని ముంచి, వాటినే ఆధారం చేసుకొని గోడ కట్టినారు. గోడకు దక్షిణాన ఇసుక నిలిచిపోతుంది. ఉత్తరాన ఉన్న రామకృష్ణా బీచికి రావలసిన ఇసుక రాదు. అందుచేత అక్కడి తీరాన్ని సముద్రం కోయుచున్నది. దక్షిణాన చేరిన ఇసుకను యంత్రాలతో తోడి ఉత్తర తీరానికి పోయుట ఈ కోతను ఆపే ఉపాయము. సహజమని మనం మురిసిపోయే ఆ ఇసుకతిన్నెలలో కొంత భాగం మనుష్యప్రయత్నఫలితమే.

పాత పట్నం

రేవుముఖానికి ఆనుకొని ఉన్న పాత పట్నాన్ని ప్రజలు వన్‌టౌన్ అని పిలుస్తారు. పదిహేడవ శతాబ్ది చివర ఈస్టిండియా కంపెనీవారు వర్తకస్థావరం నెలకొల్పినది ఇక్కడనే. ఈ ప్రాంతపు నేత బట్టలు వారికి ప్రధానమైన సరుకు. ఇక్కడి పనివారు దంతపు పలకలు పొదిగి చేసిన పెట్టెలు, కుర్చీలు నేటికీ దేశవిదేశాల ప్రదర్శనశాలలలో విశాఖ పేరుతోనే ఉన్నవి. కురుపాం మార్కెట్టు, విక్టోరియా రాణి విగ్రహం, టౌను హాలు, 1847లో స్థాపితమైన సెయింట్ అలోషియస్ పాఠశాల, అన్నీ నడక దూరంలో ఉన్నవి. భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి పొందిన చంద్రశేఖర వేంకట రామన్ బాల్యంలో చదువుకొన్నది ఆ పాఠశాలలోనే. ఆయన తండ్రిగారు ఏ.వి.ఎన్. కళాశాలలో అధ్యాపకులు.

రేవులోకి వచ్చే ఓడవారికి పాత పట్నంలో మొదట కనబడేవి పక్కపక్కన నిలిచిన మూడు చిన్న కొండలు. ఒకదానిమీద వేంకటేశ్వరస్వామి ఆలయం, ఒకదానిమీద ఇసాక్ మదీనా వలీ దర్గా, ఇంకొకదానిమీద మేరీమాత దేవళం ఉన్నవి. మూడవదానిని రాస్ హిల్ అంటారు. సముద్రంమీద బ్రతికేవానికి ఒడ్డు చేరుటయే ముఖ్యం. ఏ కొండ దీపం ముందు కనబడితే దానికే నమస్కరిస్తాడు. జాలరి స్త్రీలు దర్గా మెట్లెక్కుట, తురకల పిల్లలు దేవళపు బడిలో చదువుట అక్కడివారికి వింతగా తోచే విషయాలు కావు.

ఒకప్పుడు నగరమంతా ఇదే. న్యాయవాదులు, వర్తకులు, వైద్యులు ఇక్కడనే కాపురమున్నారు. క్రమంగా ఖనిజధూళి, బొగ్గుపొడి ఇళ్ళలో పడసాగినవి. తాహతు గలవారు ఉత్తరానికి తరలిపోయినారు, లేనివారు మిగిలిపోయినారు. ఆ సందులలోని పెంకుటిళ్ళు, అరుగులు, చెక్కస్తంభాలు ఒక్కొక్కటే నేలమట్టమవుతున్నవి. వాటిని కన్నులారా చూడదలచినవారు ఆలస్యం చేయరాదు.

పాత పట్నాన్ని ఆనుకొని జాలరిపేటలు ఉన్నవి. రేవు రాకముందు, కంపెనీ రాకముందు ఈ తీరంమీద ఉన్నవారు జాలరులు, వాడబలిజలే. తెల్లవారకముందే చేపలరేవుకు పోయినచో వంజరం, చందువ, రొయ్యల వేలంపాట వినవచ్చును. పాట పాడి సరుకు కొని, తలమీద గంపతో నగరమంతా తిరిగి అమ్మేవారు స్త్రీలే. తీరం విహారస్థలమైన కొలది వీరికి పడవలు లాగుకొనుటకు, వలలు ఆరవేసుకొనుటకు చోటు సన్నగిల్లుచున్నది.

వాల్తేరు మెరక

పాత పట్నపు ఉక్కను తప్పించుకొనుటకు ఐరోపీయ అధికారులు ఉత్తరాన ఎర్రమట్టి మెరకమీద బంగళాలు కట్టుకొన్నారు. అదియే వాల్తేరు. పల్లంలో రేవు, మెరకమీద విద్య: ఇది స్థూలంగా విశాఖ స్వరూపము. 1926లో బెజవాడలో ప్రారంభమైన ఆంధ్ర విశ్వవిద్యాలయం 1930లో ఈ మెరకకు తరలివచ్చినది. కట్టమంచి రామలింగారెడ్డిగారు ప్రథమ ఉపాధ్యక్షులు. 1931 నుండి 1936 వరకు సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు ఆ పదవి నిర్వహించినారు. కొంచెం దిగువన మహారాణిపేట కొండవాలున 1923లో వెలసిన కింగ్ జార్జి ఆసుపత్రికి నేటికీ శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలనుండి నిత్యం వందలాది రోగులు వస్తున్నారు. సిరిపురం, పెదవాల్తేరు, చినవాల్తేరు, లాసన్స్ బే ఈ మెరక చుట్టూ పెరిగిన పేటలు. వీటికి సముద్రపుగాలి నేరుగా తగులును. ఇంటి అద్దెలు కూడ ఆ గాలినిబట్టియే ఉండునని విద్యార్థులు త్వరలోనే గ్రహిస్తారు.

శ్రమజీవుల పేటలు

రేవుకు ఆవలి ఒడ్డున సింధియా అనే పేట ఉన్నది. వాల్‌చంద్ హీరాచంద్ నాయకత్వంలోని సింధియా కంపెనీ నెలకొల్పిన ఓడల నిర్మాణశాలకు 1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాద్‌గారు శంకుస్థాపన చేసినారు. మరుసటి ఏడు ఏప్రిల్ 6న జపాను విమానాలు నగరంమీద బాంబులు వేసినవి.  1948 మార్చి 14న జలఉష అనే ఓడను పండిత నెహ్రూ నీటిలోకి విడిచినారు. కంపెనీ పోయి హిందూస్థాన్ షిప్‌యార్డు వచ్చినది గాని, బస్సు కండక్టరు నోట సింధియా పేరు నిలిచియే ఉన్నది. ఆ పక్కన మల్కాపురంలో 1957లో కాల్టెక్సు నూనెశుద్ధి కర్మాగారం వెలసినది. అదియే తరువాత హిందూస్థాన్ పెట్రోలియం సంస్థలో చేరినది.

ఇంకను దక్షిణాన గాజువాక, ఉక్కునగరం ఉన్నవి. 1966లో విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు అన్న నినాదంతో జరిగిన మహోద్యమంలో పలువురు ప్రాణాలర్పించినారు. 1971 జనవరి 20న ఇందిరాగాంధీగారు శంకుస్థాపన చేసిన కర్మాగారం 1992 ఆగస్టు 1న పి.వి. నరసింహారావుగారిచే జాతికి అంకితమైనది. దానికై అనేక గ్రామాలవారు పొలాలు, ఇళ్ళు వదలుకొన్నారు. గాజువాక, పెదగంట్యాడ ప్రాంతాలలో నిర్వాసితుల కాలనీలు ఏర్పడినవి. ఉక్కు వచ్చినది, ఊళ్ళు పోయినవి. ఆ రెండు మాటలు కలిపి చదివినప్పుడే గాజువాక తెలిసినట్లు.

రైలుమార్గానికి ఆనుకొన్న కంచరపాలెం, మర్రిపాలెం, దొండపర్తి, జ్ఞానాపురం రైల్వే ఉద్యోగులకు, కూలీలకు, చేతిపనివారికి నెలవులు. 2018లో వచ్చిన కేరాఫ్ కంచరపాలెం చలనచిత్రం ఆ పేట మనుష్యులను దేశానికి పరిచయం చేసినది. మన విజయనగరం, శ్రీకాకుళం పల్లెలనుండి బ్రతుకుతెరువుకై పోయినవారు అధికంగా ఇక్కడనే ఉన్నారు. "ఏటి", "బేగి", "గుంటడు" అన్న మాటలు ఇక్కడ హాయిగా వినబడును. మన విద్యార్థులు సిరిపురం హోటలులో ఆ మాటలను మింగుకొని, కంచరపాలెంలో ఊపిరి పీల్చుకొనుట మేము చూచినాము. సిగ్గుపడవలసిన పని లేదు. వృత్తిచేత విశాఖ న్యాయవాది అయిన రాచకొండ విశ్వనాథశాస్త్రిగారు ఈ యాసను, ఈ పేదలను తెలుగు కథలో నిలిపి శాశ్వతకీర్తి నార్జించినారు.

పేర్లలో చరిత్ర

విశాఖ పేటల పేర్లు చదివినచో సగం చరిత్ర తెలియును. మువ్వలవానిపాలెం, రేసపువానిపాలెం, మద్దిలపాలెం, అక్కయ్యపాలెం: ఇవన్నీ ఒకనాటి పల్లెలు. "వానిపాలెం" అనగా ఒక ఇంటిపేరువారు స్థిరపడిన చిన్న ఊరు. మువ్వలవానిపాలెం నేడు ఎం.వి.పి. కాలనీ అయినది. ఆ మూడు అక్షరాల వెనుక ఒక పల్లె ఉన్నదని అక్కడ పుట్టిన పిల్లలకే తెలియదు. సీతమ్మధార అన్న పేరులోని ధార కొండలనుండి జారే నీటిని స్ఫురింపజేయుచున్నది. జగదాంబ జంక్షను పేరు ఒక సినిమాహాలునుండి వచ్చినది. 1979లో కార్పొరేషనుగా, 2005లో మహావిశాఖగా మారిన నగరం చుట్టుపక్కల పల్లెలను తనలో కలుపుకొనుచునే ఉన్నది. 2011 జనాభా లెక్కలలో నగరవాసులు పదిహేడు లక్షలు దాటినారు. సమతలం నిండిన తరువాత పేదవారు కొండవాలుల కెక్కినారు. వానకాలంలో రాళ్ళు దొర్లినప్పుడు మొదట ప్రమాదం వారికే.

గాలి పంచుకొనే తీరు

ఇంతవరకు చెప్పిన దానినుండి ఒక విషయం తేలుచున్నది. నగరపు అందం అందరికీ ఒక్కటే. దాని భారం మాత్రం సమానంగా పంచబడలేదు. రెండు కొండల మధ్య గిన్నెలో కర్మాగారాలున్నవి. చలికాలపు రాత్రులలో గాలి కదలిక మందగించినప్పుడు పొగ ఆ గిన్నెలోనే నిలిచి ఉండును. 1997 సెప్టెంబరు 14న మల్కాపురం నూనెశుద్ధి కర్మాగారంలో జరిగిన ఘోర అగ్నిప్రమాదంలో సుమారు అరువదిమంది మరణించినారు. 2020 మే 7వ తేదీ తెల్లవారుజామున వెంకటాపురం వద్ద స్టైరీన్ వాయువు వెలువడి, నిద్రలో ఉన్నవారు వీధులలో పడిపోయినారు. పన్నెండుమంది ప్రాణాలు కోల్పోయినారు. 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్ తుఫాను మెరకను, పల్లాన్ని సమానంగానే కొట్టినది. కాని పైకప్పు తిరిగి వేసుకొనే శక్తి మాత్రం అందరికీ సమానంగా లేకపోయినది. రేపు ఇంజనీరులు, అధికారులు కాబోయే విద్యార్థులు ఏ కర్మాగారం ఎవరి ఇంటి పక్కన ఉన్నదని అడుగుట నేర్వవలెను.

గది వెదకుకొనేవారికి

మన పిల్లలకు ఉపయోగపడే మాట ఒకటి దాచకుండ చెప్పెదము. విశాఖలో గది అద్దెకు అడిగినప్పుడు కొన్ని వీధులలో మొదటి ప్రశ్న పేరు, రెండవది కులము. మేము చదువుకొనే రోజులలో ఒక ఇంటివారు మా పేరు వినినంతనే, అంతకు నిమిషం క్రితం ఖాళీగా ఉన్న గది నిండిపోయినదని చెప్పినారు. దళిత సహాధ్యాయికి కూడ అదే వీధిలో అదే సమాధానం వచ్చినది. చివరకు మా ఇద్దరికీ కంచరపాలెం వైపున ఒక విశ్రాంత రైల్వే ఉద్యోగి గది ఇచ్చినారు. రెండు సంవత్సరాలు అక్కడ సుఖంగా చదువుకొన్నాము. రంజాను నెలలో సహరీ వేళకు ఆ ఇంటి ముసలమ్మగారే తలుపు తట్టి లేపేవారు. కాబట్టి ఒక తలుపు మూయబడినంతనే నగరమంతా మూయబడినదని తలపరాదు. అబద్ధపు పేరు చెప్పి గది సంపాదించుట అంతకన్న తగదు.

సముద్రాన్ని గురించి ఒక హెచ్చరిక. ఋషికొండ, యారాడ, రామకృష్ణా బీచిలలో ఏటేటా విద్యార్థులు మునిగిపోవుచున్నారు. విరిగి వెనుకకు మరలే నీరు సన్నని పాయగా లోపలికి వేగంగా లాగును. ఈత వచ్చినవానిని కూడ అది విడువదు. అట్టి పాయలో చిక్కినవారు ఒడ్డుకు ఎదురీదక, ఒడ్డు వెంబడి పక్కకు ఈది దానిని తప్పించుకోవలెను. నీటిలో దిగకుండుట అన్నిటికన్న మేలు. అక్కడి జాలరులు వద్దన్న చోట దిగరాదు.

నగరాన్ని తెలిసికొనదలచినవారు ఒక ఆదివారం ఉదయం స్టేషనులో దిగి, జ్ఞానాపురం మీదుగా కురుపాం మార్కెట్టుకు, అక్కడనుండి మూడు కొండలకు, చేపలరేవుకు, తీరం వెంబడి జలాంతర్గామి కురుసుర ప్రదర్శనశాలకు, ఆసుపత్రి వాలు ఎక్కి సిరిపురానికి నడచినచో పల్లంనుండి మెరకకు నగరం ఎట్లు పెరిగినదో కాళ్ళకే తెలియును. ఎండకు ముందే బయలుదేరవలెను. తోడుగా నీళ్ళసీసా, రాసుకొనుటకు చిన్న పుస్తకం ఉండవలెను.

కళాశాల కార్యవర్గంవారికి ఒక మనవి. ఏటా జరిగే విహారయాత్రలో కైలాసగిరికి, బీచికి ఇచ్చే కాలంలో ఒక పూటను పాత పట్నానికి కేటాయించినచో విద్యార్థులకు మిక్కిలి మేలు జరుగును. తిరిగివచ్చిన పిల్లలచే మన చీపురుపల్లి వీధుల పేర్లను, అవి వచ్చిన కారణాలను పెద్దలనడిగి వ్రాయించవచ్చును. విశాఖ నగరం త్రాగే నీటిలో కొంత మన జిల్లాలోని తాటిపూడి జలాశయంనుండి పోవుచున్నది. మన నీరు, మన ఖనిజం, మనవారి శ్రమ కలిసిన నగరానికి మన విద్యార్థులు తలవంచుకొని అతిథులవలె పోనక్కరలేదు.